“అర్థమైందా?” అని అడిగి ఊరుకోకండి

మంగళగిరి పక్కనుంచే పదహారో నంబరు జాతీయ రహదారి పోతుంది. చినకాకానిలో ఎన్నారై ఆసుపత్రి ఉంది, 2019 నుంచి మంగళగిరిలో ఎయిమ్స్ ఓపీ కూడా నడుస్తోంది. ఇక్కడ థెరపిస్టుగా చేరితే తలకు దెబ్బ తగిలిన కేసులు తప్పవు. వ్యాయామాలు కాలేజీలోనే నేర్చుకుని వస్తాం. కేసు చెడేది ఎక్కువగా మాట దగ్గర.

ఒక కేసు అనుకుందాం. నలభై అయిదేళ్ళ నేత కార్మికుడు. బైకు గుద్ది మెదడు ముందు భాగం దెబ్బతింది. కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయి. మీరు “లేచి, చెప్పులేసుకుని, కర్ర పట్టుకుని తలుపు దాకా నడవండి, అర్థమైందా?” అన్నారు. “ఆఁ” అన్నాడు, కదల్లేదు. మీరు గొంతు పెంచారు, ఆయన తిట్టాడు. కేస్ షీట్‌లో ‘సహకరించడం లేదు’ అని రాశారు. నిజానికి ఆయనకు చెవులు బాగానే ఉన్నాయి. నాలుగు పనులు ఒకేసారి గుర్తుపెట్టుకుని వరసగా మొదలుపెట్టే శక్తే తగ్గింది.

ఒకసారికి ఒక్క పనే చెప్పండి: “బాబాయ్, చెప్పులేసుకోండి.” అంతే. మనసులో పది లెక్కపెట్టండి. చాలామంది మూడు దగ్గరే మళ్ళీ అందుకుంటారు, అదీ వేరే మాటల్లో. దాంతో మొదట చెప్పింది కూడా పోతుంది. “ఇప్పుడేం చేయబోతున్నాం, మీరు చెప్పండి” అంటే అర్థమైందో లేదో తేలిపోతుంది. మాట పడిపోయిన వాళ్ళనైతే చేసి చూపించమనండి. టీవీ కట్టేయించండి, ఒక్కరే మాట్లాడండి.

ఆయన పని మగ్గమైతే మాట కూడా మగ్గం మీదే సాగాలి. “మగ్గం గుంటలోకి కాలు ఎలా దించుతారు? నాడె ఏ చేత్తో విసురుతారు?” అని అడగండి. అక్కడ గురువు ఆయనే. మనకు బ్యాలెన్స్, వరస, ఓపిక మూడూ కనిపిస్తాయి. అయితే బ్యాలెన్స్ తేలకుండా ఇంటి దగ్గర గుంటలోకి దిగమని మాత్రం చెప్పకండి.

భార్య “ఒళ్ళు బద్ధకం సార్, పిలిస్తేగాని లేవడు” అంటుంది. అది బద్ధకం కాదు, గాయం వల్ల వచ్చిందే. ఆ సంగతి ఆయన ముందే, ఆయన్నీ మాటలో కలుపుకుని చెప్పండి. పక్కన మనిషి లేనట్టు మాట్లాడితే రేపు సెషన్‌కు రాడు.

“ఎప్పటికి మామూలవుతాడు?” అన్న ప్రశ్న తప్పదు. తేదీ చెప్పకండి, “ఇక ఇంతే” అని కూడా అనకండి. సాధారణంగా మొదటి ఆరు నెలల్లో మార్పు వేగంగా ఉంటుందనీ, ఆ తర్వాత నెమ్మదిగా ఏళ్ళ తరబడి సాగవచ్చనీ చెప్పి, ఈ వారం లక్ష్యం ఏమిటో చెప్పండి. డాక్టరు ఒకటి, ఫిజియో ఒకటి, స్పీచ్ థెరపిస్టు ఇంకొకటి చెబితే ఆ కుటుంబం ముగ్గురినీ నమ్మదు. ముందే మాట్లాడుకోండి. బయట క్యూ ఎంత ఉన్నా, సెషన్‌లో చివరి అయిదు నిమిషాలు ఇంటివాళ్ళకు ఉంచండి.

కేస్ షీట్‌లో ‘సహకరించడం లేదు’ అని రాయకండి. మీరేం చెప్పారో, ఎంతసేపు ఆగారో, ఆయనేం చేశాడో రాయండి. తర్వాతి షిఫ్టులో వచ్చే మనిషికి పనికొచ్చేది అదే.