స్పోర్ట్ బైకుకు కొత్త ఎగ్జాస్ట్: చేయవలసినవి, చేయకూడనివి

కార్బ్యురేటర్ బండ్ల రోజుల్లో సైలెన్సర్ మారిస్తే మెకానిక్ జెట్ ఒకటి మార్చి పంపేసేవాడు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక ఆ లెక్క చెల్లదు. ఇప్పటి స్పోర్ట్ బైకులో బెండ్ పైపు మీద ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది, ఆ తర్వాత కాటలిటిక్ కన్వర్టర్ (కాటలిస్ట్) ఉంటుంది. పెద్ద ఇంజన్లలో చాలావాటికి పైపు లోపల తెరుచుకుని మూసుకునే వాల్వ్, దాన్ని తిప్పే చిన్న సర్వో మోటారు కూడా ఉంటాయి. సెన్సర్ చెప్పేదాన్ని బట్టి ఇంజన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, పెట్రోలు కొలుస్తుంది. కాబట్టి గొట్టం మార్చడమంటే ఇంజన్ పనితీరులో వేలుపెట్టడమే. తేలికైన, అందమైన పైపు మీద మోజు తప్పేమీ కాదు. ఆ మోజు బండికీ, మీకూ, వీధిలో వాళ్లకూ చేటు కాకుండా చూసుకోవడానికే ఈ జాగ్రత్తలు.

కొనే ముందు

చేయవలసినవి:

• బండి రోడ్డు మీద తిరుగుతుందా, ట్రాక్ మీదా అన్నది ముందు తేల్చుకోండి. స్లిప్-ఆన్ అంటే చివరి డబ్బా మాత్రమే మారుతుంది. కాటలిస్ట్ బెండ్ పైపులోనో, ఇంజన్ కిందో ఉన్న బండ్లలో అది అలాగే మిగులుతుంది. ఫుల్ సిస్టమ్ అంటే ఇంజన్ హెడ్ నుంచి చివరిదాకా మొత్తం మారుతుంది. రేస్ కోసం చేసినవాటిలో సాధారణంగా కాటలిస్ట్ ఉండదు. అలాంటిది మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే వంటి చోట్లకే పనికొస్తుంది.

• మీ మోడల్‌కే, మీ తయారీ సంవత్సరానికే సరిపోయే పైపు తీసుకోండి. టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310 ఇంజన్ తిరగేసి వాల్చినట్టు ఉంటుంది. దాని ఎగ్జాస్ట్ వెనకవైపు నుంచి బయటికొస్తుంది. యమహా ఆర్15లో ముందువైపు నుంచి వస్తుంది. ఒకదాని పైపును ఇంకొకదానికి వంచి, అతికించి సరిపెట్టడం కుదరదు. సెన్సర్ బిగించే మరల రంధ్రం కూడా పాత చోటే, పాత కొలతే ఉందో లేదో చూడండి.

• చట్టం తెలుసుకోండి. మన దేశంలో కంపెనీ నుంచి వచ్చే బైకుకు శబ్ద పరిమితి 80 నుంచి 175 సీసీ వరకు 77 డెసిబెల్స్, ఆపైన 80. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మూడు నెలలు లైసెన్సుకూ అనర్హులవుతారు. అనుమతి లేకుండా బండిని మార్చితే 182ఎ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ వేరే.

చేయకూడనివి:

• డబ్బా మీద యూరప్ వారి ‘ఈ’ ముద్ర ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది అక్కడి ఆమోదం. ఇక్కడ బండిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చేది ఏఆర్ఏఐ, ఐక్యాట్ వంటి సంస్థలు.

• స్లొవేనియా అక్రపోవిచ్, జపాన్ యోషిమురా పేర్లతో చవకగా దొరికే నకిలీల జోలికి పోకండి. పేరు చెక్కినంత సులువుగా వెల్డింగ్ కుదరదు. పల్చటి రేకు వేడికి పగులుతుంది, లోపలి దూది ఊడిపోతుంది.

• కంపెనీ సైలెన్సర్‌ను కోయించి లోపలి జాలీ తీయించకండి. శబ్దం తగ్గించే డీబీ కిల్లర్ పీకేయకండి.

• శబ్దం ఎక్కువుంటే ఎదుటివాళ్లు తప్పుకుంటారన్న మాట నమ్మకండి. పైపు నోరు వెనక్కి ఉంటుంది. శబ్దం ఎక్కువగా పోయేదీ అటే. అద్దాలెత్తుకుని పాటలు వింటూ ముందు వెళ్తున్న కారు డ్రైవరుకు మీరు పక్కకొచ్చేదాకా అది వినపడకపోవచ్చు.

విప్పేటప్పుడు

చేయవలసినవి:

• ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. రాత్రంతా వదిలేస్తే మరీ మంచిది. ఆ సాయంత్రమే నట్ల మీద తుప్పు వదిలించే నూనె చల్లి ఉంచండి.

• బండిని చదునైన నేల మీద ప్యాడాక్ స్టాండుకు ఎక్కించండి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

• పైపులను పట్టి ఉంచే స్ప్రింగులను వాటి కొక్కేంతోనే లాగండి. కళ్లద్దాలు తప్పనిసరి. జారిన స్ప్రింగు నేరుగా ముఖం మీదికే వస్తుంది.

చేయకూడనివి:

• హెడ్ దగ్గరి నట్టు రాకపోతే పానాకు గొట్టం తగిలించి బలం ప్రయోగించకండి. అక్కడున్న స్టడ్ ఉక్కుది, అది దిగిన హెడ్ అల్యూమినియంది. స్టడ్ మొదట్లో తెగితే లోపలి ముక్కను తీయడానికి డ్రిల్లింగ్ చేయాలి. అది వంకరపోతే హెడ్డే పాడవుతుంది. కొద్దిగా విప్పి, కొద్దిగా బిగించి, మళ్లీ నూనె వేసి, అటూ ఇటూ ఆడిస్తూ ఓపికగా తీయండి.

• ఆక్సిజన్ సెన్సర్‌ను తీగతో పాటు మెలితిప్పకండి. ముందు కనెక్టర్ ఊడదీయండి, ఆ తర్వాతే సెన్సర్ తిప్పండి. కింద పడితే లోపలి పింగాణీ పగులుతుంది. బయటికి మాత్రం ఏమీ కనపడదు.

బిగించేటప్పుడు

అసలు పని ఇక్కడే ఉంది. తొందర పడితే నష్టమూ ఇక్కడే.

చేయవలసినవి:

• హెడ్ దగ్గర కొత్త గాస్కెట్ వేయండి. పాతది ఒకసారి నలిగి, ఆ పైపు ఆకారానికి అమరిపోయి ఉంటుంది. మళ్లీ వేస్తే గాలి కారుతుంది. పోర్టులో పాత రింగు అతుక్కుని ఉండిపోయిందేమో టార్చి వేసి చూడండి. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే పైపు సరిగ్గా కూర్చోదు.

• ముందు అన్ని నట్లూ, క్లాంపులూ, స్ప్రింగులూ చేతి బిగువుతోనే పెట్టండి. పైపు తన చోట తానే సర్దుకున్నాక హెడ్ నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి. హెడ్ దగ్గరి రెండు నట్లను మార్చి మార్చి, కొంచెం కొంచెంగా బిగించండి. చట్రానికి తగిలించే బోల్టు చివరిది.

• టార్క్ రెంచ్ వాడండి. ఎన్ని న్యూటన్ మీటర్లో మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో, పైపుతో వచ్చిన కాగితంలో ఉంటుంది. ‘చేతికి తెలుస్తుందిలే’ అన్న అంచనా అల్యూమినియం మరల దగ్గర పనికిరాదు.

• ఖాళీలు చూడండి. ఇద్దరిని బండి మీద కూర్చోబెట్టి, సస్పెన్షన్ దిగినప్పుడు పైపు స్వింగ్ ఆర్మ్‌కు, చైనుకు, టైరుకు, వెనక బ్రేకు గొట్టానికి తగలకుండా ఉందో లేదో గమనించండి. సైడ్ స్టాండు పూర్తిగా మడవాలి. ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు, ఫిల్టరుకు చేయి అందాలి. తీగలకూ ప్లాస్టిక్ ఫెయిరింగుకూ పైపుకూ మధ్య ఖాళీ ఉండాలి, వేడి తగిలేచోట హీట్ షీల్డ్ పెట్టండి.

• స్టార్ట్ చేసేముందు పైపును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తని గుడ్డ తడిపి తుడవండి, బాగా ఆరనివ్వండి. వేలిముద్రల జిడ్డు మొదటి వేడికే టైటానియం, స్టెయిన్‌లెస్ స్టీలు మీద గోధుమరంగు మచ్చగా కాలిపోతుంది. ఆ తర్వాత ఎంత రుద్దినా సులువుగా పోదు.

చేయకూడనివి:

• బోల్టు రంధ్రం కలవకపోతే పైపును గుంజి, వంచి కలపకండి. ఆ లాగుడు బ్రాకెట్‌లో దాగి ఉంటుంది. కొన్ని వందల కిలోమీటర్ల అదురుకు వెల్డింగ్ దగ్గర పగులుతుంది. అన్నీ వదులు చేసి మళ్లీ మొదటినుంచి రండి.

• మామూలు సిలికాన్ పేస్టు జాయింట్లకు పూయకండి. దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ను పాడుచేస్తుంది.

• పైపు బండి మీద ఉండగా రోడ్డు పక్క వెల్డింగ్ షాపులో ఆర్క్ వెల్డింగ్ చేయించకండి. ఆ కరెంటు ఈసీయూను కాల్చేయగలదు, పైన పెట్రోలు ట్యాంకు ఉంది. వెల్డింగ్ తప్పదంటే పైపు విప్పి తీసుకెళ్లండి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు

చేయవలసినవి:

• బండిని ఆరుబయటికి తీసుకెళ్లండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. కాటలిస్ట్ లేని పైపు నుంచి అది ఇంకా ఎక్కువ వస్తుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం అనిపిస్తే వెంటనే ఇంజన్ ఆపి గాలిలోకి రండి.

• పైపు చల్లగా ఉండగానే జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లండి. బుడగలొస్తే అక్కడ లీకు ఉంది. సెన్సర్‌కు ముందున్న లీకును తేలిగ్గా తీసుకోకండి. బయటి గాలి లోపలికి చేరితే సెన్సర్ పెట్రోలు తక్కువైందనుకుంటుంది. ఈసీయూ అక్కర్లేని పెట్రోలు పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, కాటలిస్ట్ అతిగా వేడెక్కుతుంది.

చేయకూడనివి:

• లీకు వెతకడానికి అగరబత్తి, అగ్గిపుల్ల వాడకండి.

• షట్టరు దించిన షెడ్డులో, ఇంటి సెల్లారులో ఒక్క నిమిషం కూడా ఇంజన్ నడపకండి.

ఈసీయూ విషయంలో

చేయవలసినవి:

• పైపు తయారీదారు మ్యాపింగ్ (ఈసీయూలోని పెట్రోలు పట్టిక మార్చడం) కావాలని చెప్తే అది కూడా చేయించండి. నింపాదిగా వెళ్లేటప్పుడు ఈసీయూ సెన్సర్ మాట విని గాలి, పెట్రోలు నిష్పత్తిని 14.7:1 దగ్గర ఉంచుతుంది. థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం సాధారణంగా తన దగ్గరున్న పట్టిక ప్రకారమే పోస్తుంది. ఆ పట్టిక పాత పైపు కోసం రాసింది. గాలి ధారాళంగా వెళ్లే కొత్త పైపుకు అక్కడ పెట్రోలు చాలకపోతే ఇంజన్ నాక్ అవుతుంది, పిస్టన్ తలకు, ఎగ్జాస్ట్ వాల్వుకు ముప్పు.

• సర్వో వాల్వ్ ఉన్న బండికి ఆ కేబుళ్లను ఏం చేయాలో తయారీదారు సూచన ప్రకారమే చేయండి. ఊరికే ఊడదీస్తే డ్యాష్ మీద ఇంజన్ లైటు వెలుగుతుంది.

చేయకూడనివి:

• ఇంజన్ లైటు ఆర్పడానికి సెన్సర్ చోట రెసిస్టర్ ముక్క తగిలించి రోడ్డెక్కకండి. ఈసీయూకు కళ్లు కట్టినట్టవుతుంది.

• థ్రాటిల్ వదిలినప్పుడు వచ్చే పటపట శబ్దాన్ని చూసి మురిసిపోకండి. అది లీకుకో, మిశ్రమం తప్పిందనడానికో గుర్తు కావచ్చు. మండకుండా వెళ్లిన పెట్రోలు వేడి కాటలిస్ట్‌లో మండితే లోపలి తేనెపట్టు గదులు కరిగిపోతాయి.

రోడ్డెక్కాక

చేయవలసినవి:

• మొదటి 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత, ఇంజన్ చల్లారాక, ప్రతి నట్టునూ టార్క్ రెంచ్‌తో మరోసారి చూడండి. వేడెక్కి చల్లారేటప్పుడు గాస్కెట్ ఇంకాస్త నలుగుతుంది, బిగువు తగ్గుతుంది.

• వెనక కూర్చునేవాళ్ల కాలు, చీర కుచ్చిళ్లు, చున్నీ పైపుకు ఎంత దూరంలో ఉంటాయో ముందే చూడండి. బండి ఆపి ఉంచినా పైపు చాలాసేపు వేడిగానే ఉంటుంది. చిన్నపిల్లలకు పిక్కల మీద బొబ్బలెక్కేది అప్పుడే.

• చెవుల గురించి ఆలోచించండి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ అయితే 15 నిమిషాలే.

• బీమా కంపెనీకి మార్పు సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి.

చేయకూడనివి:

• రాత్రిపూట ఇళ్ల మధ్య, ఆసుపత్రుల ముందు రేస్ చేయకండి. గుండె జబ్బున్న పెద్దాయన, పురిటి బిడ్డ, పరీక్షకు చదువుకునే పిల్ల, వీళ్లెవరూ మీ పైపు శబ్దం కోరుకోలేదు.

• కంపెనీ సైలెన్సర్‌ను అమ్మేయకండి. వారంటీ పనికి, కాలుష్య పరీక్షకు, బండి అమ్మకానికి అదే కావాలి. తుడిచి, నోటికి గుడ్డ కట్టి, దాని గాస్కెట్లు, స్ప్రింగులు, బోల్టులతో సహా ఒకే పెట్టెలో దాచండి.

కొత్త పైపుతో శబ్దం చట్టం చెప్పిన హద్దు దాటినా, ఇంజన్ లైటు ఆరకపోయినా, జాయింట్ దగ్గర లీకు ఆగకపోయినా ఆ బండిని రోడ్డెక్కించకండి. ఆ రోజే పాత సైలెన్సర్ తిరిగి బిగించి, సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లండి.