చరవాణిలోని కార్డు

బ్యాంకు కార్డు బీరువాలో భద్రంగా ఉన్నా, దానితో చెల్లింపులు జరిపే శక్తి చరవాణికి కూడా ఉండవచ్చు. కాబట్టి ఏ కార్డు అందులో చేరి ఉన్నదో ప్రతి ఒక్కరూ తెలుసుకొని ఉండాలి. మొబైల్ వాలెట్ తెరిచి, అక్కడ కనిపించే బ్యాంకు పేరును, చివరి నాలుగు అంకెలను అసలు కార్డుతో సరిచూడాలి. అవి కలిస్తే ఆ కార్డు ముందే చేరినదని గ్రహించాలి.

అయితే రసీదుపై వేరే అంకెలు ఉండవచ్చు. అసలు సంఖ్యకు బదులుగా పరికరం వాడే మారు సంఖ్యను ‘టోకెన్’ అంటారు. ఈ పద్ధతికి భారతీయ రిజర్వు బ్యాంకు 2019 జనవరిలో అనుమతినిచ్చింది. 2022 అక్టోబరు 1 నుండి వ్యాపారులు పూర్తి కార్డు సంఖ్యను దాచుకోరాదని నియమించింది.

చరవాణిని ఇతరులకు అమ్మేముందు అందులోని కార్డులను తొలగించాలి. అది పోయిన నాడు, ఏయే కార్డులు అందులో ఉన్నవో ఎరిగినవారే ఆలస్యం లేకుండా బ్యాంకును హెచ్చరించగలరు.