టీవీ మాట వినబడాలంటే: సౌండ్‌బార్ ఎంపిక, అమరిక

టీవీ కింద పెట్టే పొడవాటి, సన్నటి స్పీకరు పెట్టెను సౌండ్‌బార్ అంటారు. గోదావరిఖని, రామగుండం కాలనీల్లో కొత్త టీవీ కొన్నవాళ్లు ఇప్పుడు దాన్ని కూడా కొంటున్నారు. కొనేటప్పుడు చూసేది ఎక్కువగా ఒక్కటే, ఎంత గట్టిగా మోగుతుంది అని. దుకాణంలో కూడా ఫైటింగ్ సీనో, డీజే పాటో పెట్టి వినిపిస్తారు. కానీ ఇంట్లో పెద్దవాళ్ల ఇబ్బంది వేరు. "సప్పుడైతే వస్తంది గని, ఏమంటున్నడో సమజైత లేదు" అంటారు వాళ్లు. సౌండ్‌బార్‌ను చప్పుడు కోసం కాక మాట కోసం ఎంచుకోవాలని, మాట కోసమే అమర్చాలని చెప్పడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. ఇంటర్మీడియట్ తమ్ముళ్లు పుస్తకంలో చదివిన పౌనఃపున్యం, తరంగదైర్ఘ్యం, డెసిబెల్ అనే మూడు మాటలు గుర్తుంటే చాలు, మిగతాదంతా అర్థమవుతుంది.

ముందుగా మాట అంటే ఏమిటో చూద్దాం. పాలు, తాలు, కాలు, చాలు, సాలు. ఈ ఐదు మాటలనూ మెల్లగా పలికి చూడండి. "ఆలు" అనే భాగం అన్నిటిలోనూ ఒకటే. తేడా అంతా మొదటి హల్లులోనే ఉంది. అచ్చుల బలం ఎక్కువగా 1000 హెర్ట్జ్‌ల లోపు ఉంటుంది. హల్లులను ఒకదాని నుంచి ఒకటి వేరు చేసే గుర్తులు ఎక్కువగా 2000 హెర్ట్జ్‌లకు పైన ఉంటాయి. "స" శబ్దమైతే 4000 దాటి ఉంటుంది. పైగా అచ్చులతో పోలిస్తే ఈ శబ్దాలు చాలా బలహీనం. అనగా మాటకు గొంతునిచ్చేది అచ్చు, అర్థాన్నిచ్చేది హల్లు.

ఇప్పుడు మన ప్రాంతపు చెవుల సంగతి. డ్రిల్లు, లోడింగ్ యంత్రం, గాలి కోసం పెట్టే ఫ్యాను వంటి వాటి మోత మధ్య ఏళ్ల తరబడి పనిచేసినవారికి వినికిడి ఒక పద్ధతిలో తగ్గుతుంది. మొదట 3000 నుంచి 6000 హెర్ట్జ్‌ల మధ్య, ముఖ్యంగా 4000 దగ్గర గుంట పడుతుంది. లోపలి చెవిలోని సన్నటి కేశకణాలు దెబ్బతినడం దీనికి కారణం. మనిషిలో అవి మళ్లీ మొలవవు. రోజుకు 8 గంటలు 85 డెసిబెల్స్ దాటిన చప్పుడులో ఉంటే ఈ ప్రమాదం ఉంటుందని ప్రపంచమంతటా ఒప్పుకున్న లెక్క. వయసు మీద పడినప్పుడు వచ్చే చెవుడు కూడా పై పౌనఃపున్యాల దగ్గరే మొదలవుతుంది. బాయిలో పని చేసి రిటైరైన మనిషికి ఈ రెండూ కలిసి రావచ్చు. ఆయనకు "ఆలు" బాగానే వినబడుతుంది. అది పాలో, చాలో, సాలో తెలియదు.

అందుకే రిమోటుతో వాల్యూమ్ పెంచితే పని కాదు. వాల్యూమ్ పెంచితే హల్లుతో పాటు అచ్చు కూడా అంతే పెరుగుతుంది. పక్క గదిలో చదువుకునే పిల్లకు అది గోల, పెద్దాయనకు అప్పటికీ మాట అందదు. "చెవుల్లో పత్తి పెట్టుకున్నవా" అని ఇంట్లో విసుక్కోవడం చాలా ఇళ్లలో చూస్తాం. అది అన్యాయమని నా అభిప్రాయం. ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గర వినికిడి పరీక్ష చేయించాలి. సౌండ్‌బార్ వినికిడి యంత్రానికి బదులు కాదు. ఆ పరీక్ష తర్వాత కూడా మిగిలే ఇబ్బందిలో కొంత టీవీది, కొంత గదిది. అక్కడ మనం చేయగలిగింది ఉంది.

టీవీ తప్పేమిటంటే, అది సన్నబడింది. పాత డబ్బా టీవీలో స్పీకరుకు చోటుండేది, దాని ముఖం మన వైపో, పక్కకో ఉండేది. పలకలాంటి ఇప్పటి టీవీలో చిన్న స్పీకర్లు ఎక్కువగా కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. మాట ముందు గోడకు తగిలి మన దగ్గరికి వస్తుంది. ఈ లోటు తీర్చడానికే సౌండ్‌బార్ ఇంటింటికీ వచ్చింది. ఇటువంటి పెట్టెను ఆల్టెక్ లాన్సింగ్ సంస్థ 1998లోనే తెచ్చింది, యమహా 2004లో తన మొదటి సౌండ్ ప్రొజెక్టర్‌ను తెచ్చింది. కానీ టీవీలు పలచబడిన తర్వాతే మామూలు ఇళ్లకు దాని అవసరం పడింది.

ఎంపికకు వస్తే, పెట్టె మీది వాట్లను చూసి మోసపోవద్దు. పూర్వం టేప్‌రికార్డర్ల మీద పీఎంపీవో అని వేల వాట్లు రాసేవారు. దానికి ఒక ప్రమాణమంటూ లేదు. చూడవలసింది ఆర్‌ఎంఎస్ వాట్లు. అవి కూడా అనుకున్నంత తేడా చూపవు. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు చప్పుడు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పది రెట్ల శక్తి కావాలి. కాబట్టి 100 వాట్ల దానికీ 200 వాట్ల దానికీ ఒక చిన్న గదిలో తేడా స్వల్పం. ఆ తేడా కోసం ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు.

దానికన్నా 2.0, 2.1, 3.1, 5.1 అనే అంకెలు ముఖ్యం. చుక్కకు ముందు అంకె స్పీకరు మార్గాలు, చుక్క తర్వాతి 1 అంటే గుమ్ము శబ్దం కోసం వేరే పెట్టె, దాన్నే సబ్‌వూఫర్ అంటారు. 2.0లో ఎడమ, కుడి మాత్రమే ఉంటాయి. 3.1లో మధ్యన ఇంకొకటి ఉంటుంది. సినిమాల 5.1 ధ్వనిలో మాటలను ఎక్కువగా ఈ మధ్య మార్గంలోనే పెడతారు. అందువల్ల మధ్య స్పీకరు ఉన్న బార్‌లో మాటను విడిగా పెంచుకునే వీలు చాలా వాటికి ఉంటుంది. అంత డబ్బు లేకపోతే 2.0 తీసుకోండి, కానీ మాట స్పష్టత కోసం వాయిస్ మోడ్ గాని, ట్రెబుల్ సర్దుబాటు గాని ఉన్నదే తీసుకోండి. దుకాణంలో పాట వద్దని చెప్పి వార్తలు పెట్టించండి. వీలైతే ఎవరి కోసం కొంటున్నామో ఆ పెద్దమనిషినే వెంట తీసుకెళ్లండి.

సబ్‌వూఫర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనం ఉండేది గోడకు గోడ కలిసిన క్వార్టర్లలో. మన ఎండాకాలంలో 40 డిగ్రీల వేడిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 355 మీటర్లు. 100 హెర్ట్జ్‌ల శబ్దానికి తరంగదైర్ఘ్యం మూడున్నర మీటర్లు, అంటే గది అంత. 4000 హెర్ట్జ్‌లకైతే 9 సెంటీమీటర్లు. గోడ పై శబ్దాలను బాగా ఆపుతుంది, కింది శబ్దాలను అంతగా ఆపలేదు. పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ గోడ ఆపే శక్తి సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుందని సూత్రం. కాబట్టి మీ ఇంట్లో మాట పక్కింటికి పోదు, గుమ్ము పోతుంది. ఆ పక్కింట్లో రాత్రి షిఫ్టు దిగివచ్చిన మనిషి మధ్యాహ్నం నిద్రపోతూ ఉండవచ్చు, సాయంత్రం ఆయన మళ్లీ బాయి దిగాలి. పైగా గుమ్ము ఎక్కువైతే మీ ఇంట్లోనే అది హల్లులను కప్పేస్తుంది. మాట కోసం కొనేవారికి సబ్‌వూఫర్ అక్కర్లేదు. ఇప్పటికే ఉంటే దాన్ని మూలకు, ఉమ్మడి గోడకు దూరంగా జరపండి. మూలలో పెడితే రెండు గోడలు, నేల కలిసి గుమ్మును ఇంకా పెంచుతాయి.

కలపడం తేలికే. కొనడానికి ముందే టీవీ వెనుక చూసుకోవాలి. హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో ఒకదాని పక్కన ఏఆర్‌సీ అని రాసి ఉంటే అదే మంచిది. 2009లో వచ్చిన ఈ ఏర్పాటుతో ఒకే తీగలో ధ్వని టీవీ నుంచి బార్‌కు వెళ్తుంది, చాలా టీవీల్లో ఒకే రిమోటు రెండింటికీ సరిపోతుంది. సెట్‌టాప్ బాక్స్‌ను ఎప్పటిలాగే టీవీకి కలిపి ఉంచండి. ఏఆర్‌సీ లేకపోతే ఆప్టికల్ తీగ వాడవచ్చు. దాని కొనల మీది చిన్న మూతలు తీయడం మరవద్దు. ఎర్ర కాంతి కనబడితే టీవీ పంపుతున్నట్టే. తర్వాత టీవీ సెట్టింగుల్లో సొంత స్పీకర్లను ఆపాలి. లేకుంటే ఒకే మాట రెండు చోట్ల నుంచి కొద్ది తేడాతో వచ్చి మసకబారుతుంది. బార్ నుంచి చప్పుడే రాకపోతే ధ్వని రకాన్ని పీసీఎంకు మార్చి చూడండి.

బ్లూటూత్ పాటలకు బాగుంటుంది, టీవీకి ఆఖరు దారిగా ఉంచుకోవాలి. అందులో ధ్వని 100 మిల్లీసెకన్లకు పైగా ఆలస్యం కావడం మామూలే. ధ్వని సుమారు 125 మిల్లీసెకన్లు వెనుకబడినా, 45 మిల్లీసెకన్లు ముందుకొచ్చినా చూసేవాళ్లు పట్టేస్తారు. మాట సరిగా వినబడనివారు పెదవుల కదలికను చూసి అర్థం చేసుకుంటారు కనుక, పెదవికీ మాటకూ పొంతన తప్పితే వారికే ఎక్కువ నష్టం. సెట్టింగుల్లో ఆడియో డిలే అని ఉంటే వార్తలు చదివేవారి పెదవులు చూస్తూ సరిచేయాలి.

ఇక పెట్టే చోటు. మన ఇళ్లలో టీవీ షోకేసులో ఉంటుంది, చుట్టూ బొమ్మలు, షీల్డులు, ఫొటోలు. బార్‌ను ఆ అర లోపలికి నెట్టకూడదు. అర గోడలు తగిలి శబ్దం డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. అర అంచుకు సమానంగా ముందుకు జరపాలి, ముందు ఏదీ ఉండకూడదు. ఇందాకటి 9 సెంటీమీటర్ల లెక్క ఇక్కడ పనికొస్తుంది. గుమ్ము శబ్దం బొమ్మను చుట్టి వచ్చేస్తుంది, "స" శబ్దాన్ని మాత్రం అంత సైజు బొమ్మ అడ్డుకుంటుంది. కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు దగ్గరగా ఉంటే మేలు. సరౌండ్ మోడ్ ఆపి, వాయిస్ మోడ్ పెట్టండి. నైట్ మోడ్ అనేది పెద్ద శబ్దాలకూ చిన్న శబ్దాలకూ తేడా తగ్గిస్తుంది, పరీక్షల రోజుల్లో అది ఇంటిల్లిపాదికీ మంచిది. మన దగ్గర బొగ్గు దుమ్ము ఎక్కువ కనుక జాలీని వారానికోసారి పొడి గుడ్డతో తుడవాలి, తడి గుడ్డ వద్దు.

గది విషయంలో శాస్త్రం ఆసక్తికరమైనది. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాస మందిరంలో పాఠం ఎవరికీ అర్థం కాకపోతే, దాన్ని సరిచేసే పని వాలెస్ సబీన్ అనే 27 ఏళ్ల భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. అక్కడ పలికిన మాట అయిదున్నర సెకన్ల దాకా గదిలో తిరుగుతూ ఉండేది. ఆయన అర్ధరాత్రి దాటాక, ఊరి చప్పుడు తగ్గాక, పక్క మందిరంలోని మెత్తలు మోయించుకొచ్చి ఒక్కొక్కటి పెడుతూ కొలిచాడు. చివరికి తేలిన సూత్రం చిన్నది. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గది పీల్చుకునే మొత్తంతో భాగిస్తే శబ్దం చావడానికి పట్టే సమయం సెకన్లలో వస్తుంది. పీల్చే శక్తికి ఆయన పెట్టుకున్న కొలత తెరిచిన కిటికీ. బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు గదా!

12 అడుగులకు 10 అడుగుల గదిని, 3 మీటర్ల ఎత్తుతో లెక్క వేద్దాం. ఘనపరిమాణం సుమారు 33 ఘనమీటర్లు, గోడలు, నేల, కప్పు కలిపి సుమారు 63 చదరపు మీటర్లు. సున్నం గోడ, గచ్చు వంద పాళ్లలో మూడు పాళ్లే పీల్చుకుంటాయి, అంటే 1.9. సమయం 2.8 సెకన్లు. మనం సెకనుకు నాలుగైదు అక్షరాలు పలుకుతాం, అంటే ఒక్కో అక్షరం మీద ముందరి పది అక్షరాల తోక పడుతుంది. అదే గదిలో మంచం మీద పరుపు, కిటికీకి దళసరి పరదా, ఇద్దరు మనుషులు, తెరిచిన తలుపు కలిస్తే మొత్తం 6.7 అవుతుంది, సమయం 0.8 సెకనుకు దిగుతుంది. సౌండ్‌బార్ కొనే డబ్బు లేనివారు ముందు పరదా కట్టి చూడండి.

ఇదే లెక్క మన హాస్టల్ హాలుకు వేయాలి, ఎందుకంటే ఉద్యోగాల్లో ఉన్న అన్నలు వార్షికోత్సవానికి హాస్టల్‌కు ఏదైనా ఇవ్వదలచినప్పుడు టీవీ, స్పీకర్లు ముందుగా గుర్తుకొస్తాయి. 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల హాలనుకోండి. ఖాళీగా ఉంటే నాలుగున్నర సెకన్లు, సబీన్ మందిరానికి దగ్గర దగ్గర. 60 మంది పిల్లలు కూర్చుంటే ఒక్కొక్కరు 0.4 చొప్పున 24 పీల్చుకుంటారు, సమయం ఒక సెకను లోపుకు వస్తుంది. పిల్లలే అక్కడ పరదాలు. అయితే ముందు వరుస తలలు, భుజాలు టీవీ కింద పెట్టిన బార్ నుంచి వచ్చే హల్లులను మింగేస్తాయి, వెనుక వరుసకు గుమ్మే మిగులుతుంది. వెనుకవాళ్లకు మాట అందాలని వాల్యూమ్ పెంచితే ముందు కూర్చున్న చిన్న తరగతుల పిల్లల చెవులు దెబ్బతింటాయి. పిల్లలకు వారానికి 40 గంటలపాటు 75 డెసిబెల్స్ వరకే క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నాటి ప్రమాణం చెబుతుంది.

కనుక హాలుకు సౌండ్‌బార్ వద్దు. అదే డబ్బుతో రెండు మామూలు పెట్టె స్పీకర్లు, చిన్న యాంప్లిఫయర్ తీసుకుని, కూర్చున్నవారి తలలకు పైన టీవీకి రెండు వైపులా గోడకు బిగించి, ముఖాలను వెనుక వరుసల వైపు కొద్దిగా కిందికి వంచాలి. మేకు సున్నంలో కాక ఇటుకలోకి దిగాలి. వాల్యూమ్‌ను ఖాళీ హాలులో కాక, రాత్రి భోజనాలయ్యాక పిల్లలంతా కూర్చున్నప్పుడే, వార్తలు పెట్టి, చివరి వరుసలో ఒకరిని, మొదటి వరుసలో ఒకరిని అడుగుతూ సరిచేయాలి.