పదకొండు పాయింట్లు ఇంటికి, ఎనిమిది పాయింట్లు పోటీకి

2024 మార్చి 26 రాత్రి కార్డిఫ్‌లో వేల్స్, పోలండ్ జట్లు 120 నిమిషాలు ఆడినా ఒక్క గోలూ పడలేదు. పెనాల్టీ షూటౌట్‌లో పోలండ్ 5-4తో గెలిచి యూరో 2024కి వెళ్ళింది. వేల్స్ ఆగిపోయింది. "గ్రూపులో మూడో స్థానం వచ్చినప్పుడే అయిపోలేదా? ఇంకో అవకాశం ఎందుకిచ్చారు?" అని మన బడి పిల్లలు అడిగారు. మంచి ప్రశ్న. తెలుగులోనే జవాబు చెప్పుకుందాం.

యూరప్ సమాఖ్యలో 55 దేశాలున్నాయి. రష్యాను పక్కన పెట్టారు. ఆతిథ్యం ఇచ్చే జర్మనీకి నేరుగా చోటు దొరికింది. మిగిలిన 53 జట్లను పది గ్రూపులు చేశారు. ఏడు గ్రూపుల్లో ఐదేసి, మూడింటిలో ఆరేసి జట్లు. ప్రతి జట్టూ తన గ్రూపులోని మిగతా జట్లన్నిటితో సొంత ఊళ్ళో ఒకటి, వాళ్ళ ఊళ్ళో ఒకటి ఆడాలి. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1, ఓడితే సున్నా. ప్రతి గ్రూపులో మొదటి ఇద్దరికీ అర్హత. అలా 20 జట్లు. జర్మనీతో 21. మొత్తం చోట్లు 24, కాబట్టి ఇంకా మూడు మిగిలాయి.

ఆ మూడింటి దగ్గరికి వెళ్ళే ముందు ఒక చిక్కు. రెండు జట్లకు పాయింట్లు సమానమైతే? డెన్మార్క్, స్లొవేనియా రెండూ 22 పాయింట్లతో నిలిచాయి. మొత్తం గోల్స్ తేడా చూస్తే స్లొవేనియాదే పైచేయి. (గోలుకు బహువచనం 'గోళ్ళు' అని రాస్తే చేతి గోళ్ళు గుర్తొస్తాయి కనుక 'గోల్స్' అనే రాస్తున్నాం!) అయినా డెన్మార్క్‌కే మొదటి స్థానం. ఎందుకంటే యూరో అర్హత పోటీల్లో ముందు ఆ రెండు జట్లు తమలో తాము ఆడిన ఆటలు చూస్తారు. ఒకటి 1-1 డ్రా, రెండోది డెన్మార్క్ 2-1తో గెలిచింది. మాకు ఈ పద్ధతే న్యాయంగా తోస్తుంది. అదే గ్రూపులో ఉన్న సాన్ మారినో లాంటి చిన్న దేశం మీద ఎవరు ఎక్కువ గోల్స్ కుమ్మరించారన్నది కొలబద్ద కాకూడదు కదా.

ఇక మిగిలిన మూడు చోట్లు. మీ అమ్మానాన్నలకు సప్లిమెంటరీ పరీక్షలు తెలుసు, అడగండి! ప్లేఆఫ్ అలాంటిదే. కానీ దీనికి హాల్ టికెట్టు గ్రూపు మార్కులను బట్టి ఇవ్వరు. అంతకు ముందు జరిగిన 2022-23 నేషన్స్ లీగ్‌లో ఏ స్థానం వచ్చిందో చూసి ఇస్తారు. ఆ లీగ్‌లో జట్లను స్థాయిని బట్టి ఎ, బి, సి, డి అని విడదీస్తారు. మా ఇంటర్మీడియట్ కాలేజీలో ర్యాంకు చూసి సెక్షన్ వేసినట్టే. 12 జట్లను పిలిచి, నాలుగేసి చొప్పున మూడు దారుల్లో ఆడించారు. ఒక్కో దారిలో సెమీఫైనల్స్, ఫైనల్. ఆ ఫైనల్ గెలిచినవాళ్ళకే చోటు. వేల్స్ నేషన్స్ లీగ్ 'ఎ'లో ఆడింది, అక్కడి జట్లలో చాలావరకు అప్పటికే అర్హత పొందాయి కాబట్టి దానికి పిలుపు వచ్చింది.

అసలు తమాషా గ్రూపు 'ఎ'లో జరిగింది. స్పెయిన్, స్కాట్లండ్ నేరుగా వెళ్ళాయి. మూడో స్థానం నార్వేది, 11 పాయింట్లు. నాలుగోది జార్జియా, 8 పాయింట్లే. పైగా సొంత ఊరు ట్బిలిసీలో స్పెయిన్ చేతిలో 1-7తో చిత్తయింది. కానీ జార్జియా నేషన్స్ లీగ్ 'సి'లో తన గ్రూపులో ఓటమి లేకుండా మొదట నిలిచింది. నార్వే 'బి'లో సెర్బియా వెనక రెండోది. మిగిలిన పిలుపుల వరుస నార్వే దాకా రాలేదు. హాలండ్ లాంటి ఆటగాడు ఇంట్లో కూర్చున్నాడు. జార్జియా మాత్రం లక్సెంబర్గ్‌ను 2-0తో, ఆపై గ్రీస్‌ను పెనాల్టీల్లో 4-2తో ఓడించి, మొదటిసారి యూరోకి వెళ్ళింది. అక్కడ పోర్చుగల్‌నే 2-0తో ఓడించింది!

నార్వే అభిమానులకు ఇది అన్యాయం అనిపించడంలో తప్పు లేదు. కానీ చిన్న దేశాలకు ఒక తలుపు తెరిచి ఉంచాలన్నదే ఈ ఏర్పాటు ఉద్దేశం. మా ఓటు జార్జియాకే.

ఇంటి పని: నార్వే 8 ఆటల్లో 3 గెలిచి, 2 డ్రా చేసి, 3 ఓడింది. జార్జియా 2 గెలిచి, 2 డ్రా చేసి, 4 ఓడింది. ఇద్దరి పాయింట్లూ తెలుగు అంకెల్లో లెక్క కట్టండి. జార్జియా ఇంకెన్ని ఆటలు గెలిచి ఉంటే నార్వేతో సమానమయ్యేదో రెండు వాక్యాల్లో రాయండి. జవాబులు వచ్చే శనివారం చూస్తాం.