ప్రపోజల్‌ల బాయి ఏది చెల్లే?

మొన్న ఆదివారం ఎయిట్ ఇంక్లైన్ కాలనీ నుంచి ఒక పిల్ల వచ్చింది. సోషియాలజీల పీజీ రెండో ఏడు. "అక్కా, జరంత చూడవా" అని నాలుగు కాగితాల పీహెచ్‌డీ ప్రపోజల్ చేతిల పెట్టింది. పైన లావు అక్షరాలు: 'భారతీయ సమాజంలో మహిళా సాధికారత - ఒక అధ్యయనం'.

చాయ్ పోసిచ్చి అడిగిన, "నాన్న ఏం చేస్తడు?"

"బొగ్గు బాయి పనే అక్కా. ఇప్పుడు నైట్ షిఫ్టు."

"మరి ఈ నాలుగు పేజీలల్ల బాయి ఏది?"

సిగ్గుపడ్డది. యూనివర్సిటీ సార్లకు మన బొగ్గు ముచ్చట ఎందుకు అనుకుందట!

చెల్లెండ్లూ, నెట్ రాసి జేఆర్ఎఫ్ ఫెలోషిప్ కొట్టినా పీహెచ్‌డీ సీటు దొరికితేనే పైసలు. సీటు ఇంటర్వ్యూల అడిగేది ఈ కాగితాల గురించే. సాధికారత మీద ఆ ఇంటర్వ్యూ చేసే సార్లు చదివినన్ని ప్రపోజల్స్ ఇంకెవరూ చదివి ఉండరు. మన దగ్గర ఉన్నది చూడుండ్రి. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలకు దిగనియ్యలే. 2019 జనవరిల కేంద్రం సడలించింది: పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపల, టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజ్‌మెంట్ పనులకు, అదీ ఆమె రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అన్నది అప్పుడు. మరి తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయి ఆ కొలువు బిడ్డకొస్తే ఆమెకు ఏ పని ఇస్తున్నరు? ఎవరు తేలుస్తున్నరు? రెండు బాయిలు, ఇరవై మంది ఆడవాళ్లు చాలు, ఒక పీహెచ్‌డీకి. భారతీయ సమాజం మొత్తం మనకెందుకు?

ఇగ సర్టిఫికెట్ల సంగతి. మీసేవల తెచ్చుకున్న బీసీ సర్టిఫికెట్ ఉన్నది గదా అని నిమ్మళంగ కూసోకుండ్రి. నెట్‌కు కావాల్సింది కేంద్రం నమూనాల ఉండే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కాగితం, అది వేరు. నాన్న జీతం చూసి మనకు రాదని మీరే తీర్పు చెప్పుకోకుండ్రి. ఆయన కొలువు హోదా కూడా లెక్కలకొస్తది. తహసీల్ ఆఫీసుల దరఖాస్తు పెట్టి అడుగుండ్రి. జేఆర్ఎఫ్‌కు వయసు ముప్పై దాటొద్దంటరు, కానీ ఆడపిల్లలకు ఐదేండ్ల సడలింపు ఉన్నది. పెండ్లి సంబంధాలు తెచ్చే మేనత్తలకు ఈ ముక్క ముందుగాల్నే చెప్పి పెట్టుండ్రి.

పైసలంటరా, 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేండ్ల తర్వాత 42,000. వినడానికి మంచిగనే ఉంటది. నాకు మాత్రం మొదటి విడత ఖాతాల పడేసరికి ఐదు నెలలైంది. అప్పటిదాకా హాస్టల్ మెస్సు బిల్లు అమ్మ చిట్టీ ఎత్తి కట్టింది. చేరెటప్పుడే ఆరు నెలల ఖర్చు ఏడ నుంచో చూసుకోండి. సిఫారసు లేఖ కోసం సార్ దగ్గరికి ఆఖరు రోజు ఉరకకుండ్రి. పదిహేను రోజుల ముందు ప్రపోజల్, మార్కుల మెమో చేతిల పెట్టి రాండ్రి. లేకుంటే 'ఈమె మంచి అమ్మాయి' అనే రాస్తడు పాపం.

ఆ పిల్ల పెన్ను తీసి పై లైను కొట్టేసింది. కొత్త పేరు మాత్రం రాయలే.

"ముందు నాన్నను అడగాలె అక్కా. వాళ్ల బాయిల ఆడోళ్లు ఎంతమంది ఉన్నరో."

"పో మరి, అడుగు."

"ఇప్పుడెట్ల? నైట్ షిఫ్టు చేసొచ్చి పన్నడు. నాలుగైతేగాని లేవడు" అని ఇంకో చాయ్ పోయించుకుంది.