వృద్ధుల మెదడు ఆరోగ్యము – నడివయసు భోజనము

విశాఖపట్నం ఆటోనగర్‌లో పనికి వెళ్ళే కార్మికుని క్యారేజీలో ఉన్నది అతని వృద్ధాప్యపు జ్ఞాపకశక్తికి సంబంధించిన విషయమే. డిమెన్షియాకు నివారించదగిన 14 కారణాలను 2024లో లాన్సెట్ కమిషన్ పేర్కొన్నది. ఆహారము వాటిలో విడిగా లేదు. అయితే రక్తపోటు, మధుమేహము, చెడు కొలెస్ట్రాల్ ఉన్నవి. ఇవి మెదడులోని సన్నని రక్తనాళాలను దెబ్బతీయును.

నూనె కవ్వళ్ళు, తోటకూర, చోడి అంబలి మన తీరవాసులకు పరిచితమైన మేలైన ఆహారమే. చిక్కంతా ఉప్పుతోనే. తాజా చేపకు బదులు ఉప్పుచేప, పూటపూటా ఆవకాయ తినుచుండగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన రోజుకు 5 గ్రాముల హద్దు నిలుచుట కష్టము.

అమెరికాలో 65 ఏళ్ళు దాటినవారిపై మూడేళ్ళు జరిపిన ‘మైండ్’ ఆహార పరీక్షలో, పోల్చిన వర్గము కంటె చెప్పుకోదగిన మేలు కనిపించలేదని 2023లో వెల్లడైనది. మూడేళ్ళ గడువు చాలదేమో. కావున ఉప్పు తగ్గించుటకు పదవీ విరమణ వరకు ఆగనక్కరలేదు; రేపటి క్యారేజీలో ఉప్పుచేప స్థానమున తోటకూర పప్పు పెట్టవచ్చును.