రేవు దగ్గర నేర్చుకున్నవి

మా ఊరు పాపికొండలకు దిగువన, గోదావరి ఒడ్డున ఉండేది. నా చిన్నప్పుడు రేవు పాట పాడుకున్నాయన మనిషికి ఐదు పైసలు పుచ్చుకుని నాటు పడవలో అవతలికి దాటించేవాడు. వేసవిలో పాయ సన్నబడగానే మేం కుర్రాళ్లం ఆ ఐదు పైసలు ఎగ్గొట్టి, చొక్కాలు నెత్తిన పెట్టుకుని నడిచి దాటేవాళ్లం. దేవుడిచ్చిన నీళ్లకు ఈయనకు డబ్బులేమిటన్నది మా వాదన. ఓ ఏడు, ఇసుక కోసుకుపోయిన చోట కాలు జారి మునుగుతుంటే నన్ను జుట్టు పట్టి పడవలోకి లాగింది ఆ పాటదారే. ఆ రోజు ఐదు పైసలు అడగలేదు.

ప్రాణం దక్కింది గానీ బుద్ధి రాలేదు. ఆ వాదన నాతోపాటు అమెరికా దాకా వచ్చింది. నలభై ఏళ్లుగా జార్జియాలో ఉంటూ, సెలవు దొరికినప్పుడల్లా కారు మీద పడవ కట్టుకుని నదులు తిరిగాను. మొన్న మా అన్నయ్య మనవరాలు ఫోన్ చేసి, "తాతయ్యా, నది పర్మిట్ లాటరీకి దరఖాస్తు పెడుతున్నా, ఏమేం రాయాలి?" అంది. గడులు ఎలా నింపాలో చెప్పాను. ఫోన్లో చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

1. నీళ్ల మీద పోయే హక్కు వేరు, నేల మీద కాలు పెట్టే హక్కు వేరు.

తొంభైల్లో కొలరాడో రాష్ట్రంలో ఓ చిన్న నదిలో దిగాం. మధ్యాహ్నం గులకరాళ్ల తిన్నె మీదికి పడవలు లాగి పులిహోర పొట్లాలు విప్పాం. పావుగంటలో ట్రక్కులో ఒకాయన వచ్చి, ఇది నా నేల అన్నాడు. నది ప్రభుత్వానిదని నేను గొంతు పెంచాను. ఆయన చెప్పిందే నిజం. ఆ రాష్ట్రంలో ఒడ్డు ఎవరిదో నది అడుగు కూడా వారిదే కావచ్చు. ప్రైవేటు భూమి గుండా తేలుతూ పోతూ నది అడుగును తాకినవాళ్లకు పడిన శిక్షను అక్కడి సుప్రీంకోర్టు 1979లో ఖాయం చేసింది. తాకకుండా తేలిపోతే నేరం కాదని 1983లో అటార్నీ జనరల్ అభిప్రాయం చెప్పారు. అదే మోంటానాలో అయితే, 1985 చట్టం ప్రకారం నిండు నీటి గీత లోపల నడవొచ్చు. రాష్ట్రం మారితే న్యాయం మారుతుంది. వరద తీశాక లేచిన లంక ఎవరిదని ఊళ్లు కొట్టుకోవడం చూస్తూ పెరిగినవాణ్ని నేను, అయినా తట్టలేదు. మరుసటి ఏడు, మేం పడవలు దింపిన వంతెన పక్కన ముళ్లకంచె వెలిసింది. నా నోటివల్లే వచ్చిందని ఎవరూ అనలేదు. అననక్కర్లేదు.

2. వాడుకోని పర్మిట్ ఇంకొకరి ఏడాదిని మింగేస్తుంది.

ఐడహోలో సెల్వే అని ఒక నది ఉంది. 1968లో అమెరికా ప్రభుత్వం కొన్ని నదులను సహజంగా పారనివ్వాలని చట్టం చేసినప్పుడు, మొదటి జాబితాలోనే చోటు దక్కించుకున్న నది. మే 15 నుంచి జూలై 31 దాకా 78 రోజులు, రోజుకు ఒక్క బృందమే దిగాలి. అందులో 62 రోజులు సొంత పడవలతో వచ్చేవాళ్లవి, 16 వ్యాపార సంస్థలవి. ఆ 62 కోసం ఏటా వేలమంది లాటరీలో పేరు వేస్తారు. ఒక ఏడు నాకు తగిలింది. ఆఫీసులో పని మీద పడి వెళ్లలేకపోయాను. అంతవరకు తప్పు లేదు. రద్దు చేసుకుంటున్నానని తెలియజేయకపోవడం తప్పు. తెలియజేసి ఉంటే ఆ తేదీ మరొకరికి పోయేది. ఆ రోజు నది ఖాళీగా పారింది. ఆ చలికాలం ఓ మిత్రుడింట్లో భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి, పద్దెనిమిదేళ్లుగా సెల్వే కోసం దరఖాస్తు పెడుతున్నానని చెప్పాడు. నేను విస్తరాకులోంచి తల ఎత్తలేదు.

3. మంచి రోజు కోసం ఆగితే వచ్చిన రోజు పోతుంది.

గ్రాండ్ కేనియన్‌లో సొంత పడవలతో కొలరాడో నది మీద వెళ్లడానికి ఒకప్పుడు వరస జాబితా ఉండేది. చివరికొచ్చేసరికి, కొత్తగా చేరినవాడికి ఇరవై ఏళ్లు దాటితే గానీ వంతు రాదన్నంతగా పెరిగింది. 2006లో దాన్ని తీసేసి లాటరీ తెచ్చారు. ఈ మధ్య వెళ్లొచ్చినవాళ్లకు అవకాశం తక్కువ, చాలాకాలంగా వెళ్లనివాళ్లకు ఎక్కువ. ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ తేదీలకు మళ్లీ లాటరీ వేస్తారు. అలాంటి ఒక లాటరీలో మాకు నవంబర్ తేదీ వచ్చింది. చలి, ఆఫీసు, వేసవిలో చూద్దాంలే అన్నాను. "శాలువా కప్పుకుంటాం, పదండి" అంది మా ఆవిడ. నేను వినలేదు. వేసవి తేదీ దొరికేసరికి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. పడవలు దింపే లీస్ ఫెర్రీ దాకా వచ్చి, రేవులో బండరాయి మీద కూర్చుని మమ్మల్ని సాగనంపింది. పద్దెనిమిది రోజుల తర్వాత ఇంటికొస్తే, ఎలా ఉందని అడగలేదు. అడిగితే బాగుండేది.

4. తనిఖీ చేసే మనిషి మన ఇంట్లోవాళ్ల తరఫున అక్కడ నిలబడి ఉంటాడు.

ఆ లీస్ ఫెర్రీలోనే బయల్దేరేముందు రేంజర్ అన్నీ విప్పించి చూస్తాడు: లైఫ్ జాకెట్లు, అదనపు తెడ్లు, పడవకు అతుకులు వేసే సామాను, మందుల పెట్టె, మంట పెట్టుకునే ఇనుప పళ్లెం. నా జాకెట్టు పాతది, లోపలి నురుగు నలిగిపోయింది. పనికిరాదన్నాడు. ఇరవై ఏళ్లుగా వేసుకుంటున్నానని గొడవపడ్డాను. చివరికి పేజ్ పట్టణం దాకా వెళ్లి కొత్తది కొన్నాను, సగం రోజు పోయింది. దారంతా సణుగుతూనే ఉన్నాను. ఆ సణుగుడు నాకు మళ్లీ గుర్తొచ్చింది 2019 సెప్టెంబర్ 15న. వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాయి. చిన్నప్పుడు మేం లాంచీ మీద వెళ్తూ దండం పెట్టుకున్న మలుపులవి. టీవీ ముందు కూర్చుని, బయల్దేరేముందు రేవులో ఒక మొండి మనిషి అడ్డంగా నిలబడి ఉంటే ఎంత బాగుండేదని ఆలోచించాను. అలాంటి మనిషి మీదే కదా నేను నోరు పారేసుకున్నది.

5. మన మలినం మనమే మోయాలి.

ఈ మాట చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. గ్రాండ్ కేనియన్‌లో రెండు మూడు వారాల ప్రయాణంలో మనుషుల మలం రవ్వంత కూడా వదిలి రాకూడదు. మూత బిగించే పెట్టెలో పట్టి, పడవలో చివరిదాకా మోసుకెళ్లాలి. ఆ పెట్టెను అందరూ గ్రూవర్ అంటారు. వెనకటి రోజుల్లో సైన్యంవారి తూటాల డబ్బాల మీద కూర్చుంటే తొడల మీద గాడులు పడేవి, దాన్నిబట్టి వచ్చిన పేరు. గిన్నెలు కడిగిన నీళ్లను వడకట్టాలి, బూడిదను మూటగట్టాలి. మూత్రం మాత్రం నదిలోనే పోయాలి! నదీమతల్లిలోనా అని నేను రెండు రోజులు ఒప్పుకోలేదు. అక్కడ వాన తక్కువ. ఎగువన 1963లో గ్లెన్ కేనియన్ ఆనకట్ట గేట్లు మూశాక కొత్త ఇసుకా రావడం తగ్గింది. ఉన్న కాసిన్ని తిన్నెల మీదే వేలమంది పడుకోవాలి. ఇసుకలో పోస్తే వారంలో ముక్కు మూసుకోవాల్సిందే. ఇది అర్థమైంది, పెట్టె మోయడం మాత్రం మనసు ఒప్పుకోలేదు. నా వంతు వచ్చిన రెండుసార్లూ నడుం నొప్పన్నాను. నా వంతు మోసింది ఒక గుండె డాక్టరు, తర్వాత ఆయన కూతురు. మా ఊళ్లో ఆ పని చేయడానికి ఒక పేట ఉండేది. ఆ పేటవాళ్ల ముఖాల్లోకి నేనెప్పుడూ తేరిపార చూడలేదని ఆ ఇసుక తిన్నె మీద తెలిసింది. తర్వాతి ప్రయాణాల్లో మొదటి వంతు అడిగి తీసుకున్నాను. మా ఊరి బాకీ మాత్రం అలాగే ఉంది.

6. నదికి మనకంటే ముందొచ్చినవాళ్లుంటారు, వాళ్లను అడిగి దిగాలి.

ఆ గ్రాండ్ కేనియన్ ప్రయాణంలో ఎడమ ఒడ్డున చాలా దూరం నవాహో జాతివారి భూమి. అక్కడ కొండెక్కాలన్నా, రాత్రి ఉండాలన్నా వాళ్ల అనుమతి విడిగా తీసుకోవాలి. లిటిల్ కొలరాడో నది వచ్చి కలిసే తావు హోపీ జాతివారికి పవిత్రం. సుమారు 225 మైళ్ల తర్వాత డైమండ్ క్రీక్ దగ్గర పడవలు ఎక్కించుకునే దారి హువాలపాయి తెగవారిది. మనిషికింత, బండికింత అని వసూలు చేస్తారు. పర్మిట్‌కు కట్టాక మళ్లీ ఇదేమిటని విసుక్కున్నాను. ఆ తర్వాత కొన్నేళ్లకు గోదావరి మీద ప్రాజెక్టు కోసం మా ఊరే ఖాళీ అయింది. మావాళ్లూ, చుట్టుపక్కల గూడేల్లోని కొండరెడ్లూ కాలనీల్లోకి వెళ్లారు. రేవు మెట్లు నీళ్లలోకి పోయాయి. ఇప్పుడక్కడ ఎవరైనా పడవ దింపితే, మా పేరు అడగడానికి కూడా మనిషి లేడు. హువాలపాయి వారు ఇంకా అక్కడే ఉండి డబ్బులడుగుతున్నారంటే సంతోషించాల్సింది పోయి, విసుక్కున్నాను.

7. ఈరోజు మనం తేలే నీళ్ల కోసం నిన్న ఎవరో ఒక గదిలో కూర్చుని వాదించారు.

మా ఇంటికి దగ్గర్లో టెనెసీలో ఒకోయీ నది ఉంది. దశాబ్దాలపాటు దాని నీళ్లన్నీ చెక్కలతో కట్టిన కాలువలో పడి విద్యుత్ కేంద్రానికి పోయేవి, అసలు నది ఎండిన రాళ్లు. 1976లో ఆ కాలువ శిథిలమై మూతపడితే నీళ్లు పాత దారి పట్టాయి. పడవలవాళ్లు వచ్చి వాలారు. బాగుచేశాక నీళ్లు మళ్లీ మళ్లించబోతే వాళ్లు పోరాడారు. ఏయే రోజుల్లో నదికి నీరు వదలాలో 1984లో ఒప్పందం కుదిరింది. 1996 ఒలింపిక్స్‌లో ఉరవడి నీళ్ల పడవ పోటీలు ఆ నది ఎగువనే జరిగాయి. అలాగే చట్టూగా అనే మరో నది ఎగువ భాగంలో 1976 నుంచి పడవలను నిషేధించారు. ఏళ్ల తరబడి కేసులూ అర్జీలూ నడిచాక 2012లో చలికాలానికి, అదీ నీరు తగినంత ఉన్న రోజులకు మాత్రం తలుపు తీశారు. జలవిద్యుత్ ఆనకట్టల లైసెన్సులు ముప్పై నుంచి యాభై ఏళ్లకోసారి పునరుద్ధరిస్తారు. ఆ సమయంలో నోరు విప్పకపోతే ఒక తరమంతా ఎండిన రాళ్లే చూడాలి. నా మిత్రుడొకడు అలాంటి సమావేశాలకు సాయంత్రాలు తగలేసుకుని వెళ్లేవాడు. నన్నూ రమ్మనేవాడు. ఇనుప కుర్చీలు, చల్లారిన కాఫీ, అంకెలు, నాకు విసుగు. ఒక్కదానికీ వెళ్లలేదు. వాడు తెచ్చిన నీళ్లలో మాత్రం పాతికేళ్లు ఆడుకున్నాను.

8. పర్మిట్ మీద తేదీ రాసి ఉంటుంది, నది దాన్ని చదవదు.

గోదావరి వరదలో లక్షల క్యూసెక్కులు చూసిన కళ్లకు కొండనదుల అంకెలు పిల్లకాలువల్లా కనిపిస్తాయి. నన్ను మోసం చేసింది అదే. నీరు ఎంతుందన్నది సగమే. ఏ వాలులో, ఏ రాళ్ల మధ్య, ఎంత చల్లగా పారుతోందన్నది మిగతా సగం. సాల్మన్ నది మిడిల్ ఫోర్క్‌కు ఓసారి జూన్ మొదట్లో తేదీ దొరికింది. మంచు ఒక్కసారిగా కరిగి నది ఎర్రబడి ఉరుకుతోంది. ఆగుదామని మాలో ఇద్దరన్నారు. ఎనిమిదేళ్ల తర్వాత దొరికిన తేదీ, వదలడమా అన్నాను నేను. వెల్వెట్ ఫాల్స్ దగ్గర రాఫ్ట్ తిరగబడింది. మిత్రుడి భుజం జారింది. రోడ్డు లేని లోయ. ఇండియన్ క్రీక్ దాకా ఎలాగో తీసుకెళ్లి, అక్కడి మట్టి రన్‌వే మీంచి చిన్న విమానంలో పంపాం. ఆ చెయ్యి ఇప్పటికీ తలపైకి లేవదు. పర్మిట్ దిగడానికి అనుమతే గానీ దిగమన్న ఆజ్ఞ కాదు. పడవలు మళ్లీ కారెక్కించి ఇంటికి రావడం కూడా తెడ్డు వేయడంలో భాగమే.

ఇవేవీ దరఖాస్తు గడుల్లో పట్టవు. కానీ ఆ దరఖాస్తులో ఒక గడి ఉంటుంది: మీరు వెళ్లలేకపోతే బృందాన్ని నడిపే మనిషి పేరు రాయమంటుంది. నేను ఎప్పుడూ దాన్ని ఖాళీగా వదిలేవాణ్ని, నేను లేకుండా ప్రయాణమేమిటని. నవంబర్ తేదీ వచ్చిన ఏడు కూడా ఖాళీయే.

నిన్న మనవరాలికి మళ్లీ ఫోన్ చేశాను. ఆ గడి ఖాళీ పెట్టొద్దన్నాను. "నీ పేరు రాయనా తాతయ్యా?" అంది. నాకు డెబ్బై రెండు, నడిపించే వయసు కాదు. నీ స్నేహితుల్లో గట్టివాళ్ల పేర్లు రాయి అన్నాను. నన్ను మామూలు ప్రయాణికుడిగా తీసుకెళ్తే చాలు. మొదటి రోజు పెట్టె మోసే వంతు నాదని ఇప్పుడే చెప్పి ఉంచాను.